బిళ్ళ కడితే దాచుకోవద్దు

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, వసూళ్ళు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇంతకు ముందే కోశాధికారి అక్క చదివి వినిపించింది. మేము చెప్పేది ఆ లెక్కల్లో కనిపించని సంగతి. మన ఒంట్లో రాత్రీపగలూ కావలి కాసే వ్యవస్థ ఒకటి ఉంది. దాని గురించి మాట్లాడమని ఈసారి మాకు అప్పజెప్పినారు. మాలో డాక్టర్లు ఎవరూ లేరు. పదో తరగతి దాకా చదివినవాళ్ళం, అంతకంటే తక్కువ చదివినవాళ్ళం. పదో తరగతి జీవశాస్త్రంలో చదివి మరిచిపోయిన పాఠాన్ని మళ్ళీ తిరగేసి, ఏఎన్ఎం అక్కను, ఆశా అక్కను, ఆసుపత్రిలో డాక్టరమ్మను అడిగి తెలుసుకుని వచ్చినాం. ఏంటికి ఇంత అడగాల్సి వచ్చిందో ముందు చెప్తాం.

మా సంఘంలో జరిగింది

మా సంఘంలో ఒక చెల్లెలు ఉంది. ఆమె ఒప్పుకున్నాకే ఈ మాట చెప్తున్నాం, పేరు మాత్రం చెప్పం. ఆమెకు మెడ పక్కన ఒక బిళ్ళ కట్టింది. మొదట కంది గింజంత ఉండేది. నొప్పి లేదు. చెనిక్కాయ కలుపు రోజులు, కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి ఎవరు పోతారు? ఇంట్లో పెద్దామె ఆకుపసరు కట్టింది. పక్కూరికి తీసుకుపోయి మంత్రం వేయించినారు. తగ్గలేదు. ఒక వాత కూడా పెట్టించినారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తర్వాత టౌనులో ఒక క్లినిక్కుకు పోతే, ఏ పరీక్షా చేయకుండా బిళ్ళను కోసి, కట్టు కట్టి పంపించినారు. అది మానలేదు, చీము కారతానే ఉండింది. దాని పక్కనే ఇంకో రెండు బిళ్ళలు లేచినాయి.

అప్పుడు మేమేం చేసినాం? ఆమె మీటింగుకు రావడం తగ్గించింది. వచ్చినా కొంగు మెడ చుట్టూ కప్పుకుని వెనక కూర్చునేది. "ఏమైంది చెల్లీ?" అంటే "ఏంలేదులేక్కా, జలుబు" అనేది. మేము నమ్మినాం. రాని వారాలకు నియమం ప్రకారం పది రూపాయల జరిమానా రాసినాం. మినిట్సు పుస్తకం తిరగేస్తే ఆమె పేరు ఎదురుగా ఎనిమిది సార్లు "గైర్హాజరు, జరిమానా" అని ఉంది. రాసింది మేమే. ఒక్కసారి కూడా ఆమె ఇంటికి పోయి కూర్చుని అడగలేదు. ఆ పేజీలు చూసినప్పుడల్లా మాకు సిగ్గు వేస్తుంది.

చివరికి ఆశా అక్క చూసి పట్టుబట్టింది. సూదితో బిళ్ళలోంచి కొంచెం తీసి పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఊపిరితిత్తుల టీబీ కాదు, బిళ్ళలకు వచ్చే టీబీ. ఆరు నెలలు మందులు వాడింది. ఇప్పుడు బాగుంది. ఇదిగో, రెండో వరసలోనే కూర్చుంది.

మొదట్లోనే చూపించుకుని ఉంటే వాత మచ్చా ఉండేది కాదు, కోత మచ్చా ఉండేది కాదు, ఇన్ని నెలల కూలీ పోయేది కాదు. ఆ బిళ్ళ అంటే ఏంటో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. అందుకే తెలుసుకోవాలనుకున్నాం.

ఒంట్లో ఉన్న రెండో కాలువ

మన జిల్లా నీళ్ళకు ఎంత కరువో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, అదీ నమ్మకం లేదు. అందుకే మన పెద్దలు చెరువులు కట్టినారు. తూము నుంచి నీళ్ళు మడికి పారతాయి, మడిలో మిగిలింది మురుగు కాలువలో పడి కింది చెరువుకు చేరుతుంది. ఒంట్లోనూ ఇట్లాంటి ఏర్పాటే ఉంది.

గుండె రక్తాన్ని పెద్ద నాళాల్లోకి తోస్తుంది. అవి చీలి చీలి వెంట్రుక కంటే సన్నమైన నాళాలు అవుతాయి. ఆ సన్న నాళాల గోడల్లోంచి కొంత నీరు, దాంతో పాటు ఆహారం, కండలోకి ఊరుతుంది. మడికి తడి అందినట్టు ప్రతి కణానికీ తడి అందుతుంది. ఊరిన నీటిలో చాలావరకు మళ్ళీ రక్తంలోకే పోతుంది. పోగా రోజుకు సుమారు 3 లీటర్లు కండలోనే మిగులుతుంది. మన ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి 5 లీటర్ల చుట్టుపక్కల. అంటే ఆ 3 లీటర్లు చిన్న లెక్క కాదు. రోజూ అంత నీరు కండలో నిలిచిపోతే, మురుగు కాలువ లేని మడిలా ఒళ్ళు ఉబ్బిపోతుంది.

ఆ మిగిలిన నీటిని తీసుకుపోవడానికి రక్తనాళాలు కాక వేరే సన్న కాలువలు ఒళ్ళంతా ఉన్నాయి. వాటిలో పారే నీటిని శోషరసం అంటారు. డాక్టర్లు లింఫ్ అంటారు. చూడటానికి తేటగా, కొంచెం పసుపు కలిసినట్టు ఉంటుంది. ఈ కాలువలన్నీ కలిసి కలిసి పెద్దవై, మెడ కింద కాలరు ఎముకల దగ్గర మళ్ళీ రక్తంలో కలుస్తాయి.

రక్తానికి గుండె ఉంది. ఈ నీటికి గుండె లేదు. నాళాల గోడలు సన్నగా ముడుచుకుని కొంత తోస్తాయి. మిగతా పని మన కండలదే. నడిచినా, చేయి ఊపినా, గట్టిగా ఊపిరి పీల్చినా కాలువ పిండినట్టై నీరు ముందుకు పోతుంది. వెనక్కి రాకుండా లోపల చిన్న చిన్న తలుపులు ఉంటాయి. బెంగళూరు దాకా బస్సులో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే పాదాలు బరువెక్కేది ఇందుకే. దిగి నాలుగడుగులు నడిస్తే తగ్గిపోతుంది. నడిచినా తగ్గని వాపు, గర్భిణికి మొహం, చేతులు ఉబ్బడం మాత్రం వేరే సంగతి. అది గుండెదో, మూత్రపిండాలదో, బీపీదో కావచ్చు. వెంటనే చూపించుకోవాలి.

బిళ్ళ అంటే కావలి చౌకీ

ఈ కాలువల దారిలో అక్కడక్కడా చిక్కుడు గింజ ఆకారంలో బిళ్ళలు ఉంటాయి. వీటిని శోషరస గ్రంథులు అంటారు. ఒంట్లో వందల సంఖ్యలో, సుమారు 600 దాకా ఉంటాయి. మెడలో, చంకలో, గజ్జల్లో గుంపులుగా ఉంటాయి, కడుపు లోపల, రొమ్ము ఎముక వెనకా ఉంటాయి. అందరికీ ఉంటాయి, పుట్టినప్పటి నుంచీ ఉంటాయి. మామూలు రోజుల్లో చేతికి తగలవు. అందుకే లేచినప్పుడు కొత్తగా పుట్టినట్టు భయపడతాం.

కండలోంచి వచ్చే నీరు ఈ బిళ్ళల గుండానే పోవాలి. దారిలో లారీలను ఆపి చూసే చెక్‌పోస్టు లాగా, నీటిలో ఏ సూక్ష్మజీవి కొట్టుకొచ్చినా బిళ్ళ ఆపి చూస్తుంది. లోపల తెల్ల రక్తకణాలు కాపలా ఉంటాయి. శత్రువు కనపడగానే ఆ కణాలు ఒకటికి పదిగా, పదికి వందగా పెరుగుతాయి. జనం నిండితే ఇల్లు ఇరుకైనట్టు బిళ్ళ ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది. అంటే బిళ్ళ కట్టడం జబ్బు కాదు, ఎక్కడో జబ్బు దూరిందని కావలి కేక వేయడం. కేక వేసేవాడి నోరు మూస్తే దొంగ పోడు. బిళ్ళ మీద వాత పెడితే జరిగేది అదే. పైగా కాలిన పుండులోంచి ఇంకో దొంగ దూరతాడు.

ఏ బిళ్ళ ఏ దారి కాస్తుందో తెలిస్తే సగం సంగతి అర్థమవుతుంది. గజ్జల్లో బిళ్ళ కడితే కాలు చూడాలి. పగిలిన మడమ, కంపముల్లు దిగిన చోటు, వేళ్ళ సందుల్లో ఒరుపు, ఏదో ఒకటి ఉంటుంది. చంకలో కడితే చేయి, రొమ్ము చూడాలి. దవడ కింద కడితే పుచ్చిన పన్ను, గొంతు నొప్పి చూడాలి. ఆడపిల్లలకు మెడ వెనక చిన్న చిన్న బిళ్ళలు తగిలితే తల చూడాలి. పేలు పడి గోకి గోకి పుండ్లు అయి ఉంటాయి. గవదబిళ్ళలు అని పిల్లలకు చెవి కింద చెంప ఉబ్బుతుంది కదా, అది వేరు. అది లాలాజల గ్రంథికి వైరస్ వల్ల వచ్చే వాపు.

ముల్లు దిగినప్పుడు లోపల జరిగేది

కలుపు తీసేటప్పుడు కంపముల్లు దిగిందనుకోండి. మొదటి గోడ మన చర్మం. కన్నీళ్ళు, ఉమ్మి, కడుపులో పులుపు కూడా ఈ గోడలో భాగమే. ముల్లు గోడకు కన్నం పెట్టింది. కాసేపట్లోనే రక్తంలోంచి తెల్లకణాలు అక్కడికి పరిగెత్తుతాయి. చోటు ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బి, నొప్పి పెడుతుంది. అవి సూక్ష్మజీవులను మింగి మింగి చస్తాయి. చచ్చిన ఆ కణాలే మనం చూసే చీము. జ్వరం కూడా ఒళ్ళు తనకు తాను పెంచుకునే వేడే. అక్కడా ఆగకపోతే గజ్జల్లోని బిళ్ళ దగ్గర రెండో యుద్ధం.

ఇక్కడ అందరూ గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. పుండు నుంచి ఎర్రని గీత కాలి పైకో చేయి పైకో పాకుతుంటే, చలిజ్వరం వస్తుంటే, విషం ఆ కాలువ వెంట ఎక్కుతోందని అర్థం. రేపు చూద్దాంలే అనుకోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. మామూలు ముల్లు అయితే సబ్బు నీళ్ళతో బాగా కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టాలి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నామో చూసుకోవాలి. పేడ, మట్టి, సున్నం పెట్టొద్దు.

బిళ్ళల్లో గెలిచిన కణాలు కొన్ని ఆ శత్రువు మొహాన్ని ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకుంటాయి. అదే శత్రువు మళ్ళీ వస్తే ముందే పట్టేస్తాయి. టీకా చేసే పని అదే. చచ్చినదో, బలం తీసేసినదో, లేక శత్రువులో చిన్న ముక్కో చూపించి కావలివాళ్ళకు మొహం గుర్తు పట్టిస్తుంది. బిడ్డ పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ, ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసేవి, తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకా, అన్నీ ఇందుకే. వలస పోయినా టీకా కార్డు మూటలో పెట్టుకుని పోండి. యాడ ఉంటే ఆడ వేయిస్తారు.

ఎప్పుడు భయపడాలి

పుండో పన్నో తగ్గితే, మామూలు బిళ్ళ రెండు వారాల్లో దానంతట అది తగ్గుతుంది. ఈ గుర్తులుంటే మాత్రం ఆగకూడదు: రెండు వారాలు దాటినా తగ్గని బిళ్ళ. నొప్పి లేకుండా పెరిగే బిళ్ళ. రాయిలా గట్టిగా, కదపబోతే కదలని బిళ్ళ. కాలరు ఎముక పైన లేచిన బిళ్ళ. బిళ్ళతో పాటు సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, ఒళ్ళు తగ్గిపోవడం. నొప్పి లేదు కదా అని మనం ఊరుకుంటాం. నొప్పి లేని బిళ్ళనే ఎక్కువ అనుమానించాలి.

చంకలో గట్టి బిళ్ళ తగిలితే రొమ్ము కూడా చూపించుకోవాలి. రొమ్ములోని నీరు ఎక్కువగా చంక బిళ్ళలకే పోతుంది. రొమ్ము క్యాన్సరు పాకితే చాలాసార్లు మొదట అక్కడే చేరుతుంది. నెలకొకసారి స్నానం చేసేటప్పుడు చేత్తో తడిమి చూసుకోవడం సిగ్గుపడే పని కాదు.

బిళ్ళల టీబీ గురించి నాలుగు మాటలు. పూర్వం దీన్ని కంఠమాల అనేవాళ్ళు. ఇది శాపం కాదు, వంశంలో వచ్చేది కాదు. ఊపిరితిత్తుల్లో టీబీ లేకుండా బిళ్ళల్లోనే ఉంటే పక్కవాళ్ళకు అంటుకోదు. ఆమె గ్లాసు, పళ్ళెం వేరు పెట్టక్కర్లేదు. ఉమ్మి పరీక్ష ఒక్కటే చేస్తే ఇది బయటపడకపోవచ్చు, బిళ్ళకు సూది పరీక్ష చేయాలి. పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి కూడా మన చుట్టుపక్కల వాళ్ళకు ఎన్నో ఏళ్ళుగా తెలిసిందే. మందులు మామూలుగా ఆరు నెలలు. మందు వాడేటప్పుడు మూత్రం ఎర్రగా వస్తుంది. మా చెల్లెలు రక్తం పోతోందనుకుని రెండు రోజులు మానేసింది. అది మందు రంగు. కొందరికి మందు వాడుతుండగానే బిళ్ళ కొంచెం పెరుగుతుంది. డాక్టరుకు చూపించాలి గానీ మనంతట మనం మానకూడదు. పోషణకు నిక్షయ్ పథకం కింద 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. ఖాతా, ఆధార్ వివరాలు ఇచ్చినారో లేదో సంఘమే చూసుకోవాలి.

టీబీ అని తేలిన వాళ్ళకు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. దానికి కోపం తెచ్చుకోవద్దు. మిగతా కావలి కణాలకు ఆజ్ఞలు ఇచ్చే సీడీ4 అనే కణాలనే హెచ్‌ఐవీ చంపుతుంది. మేస్త్రీ లేని పనిలా కావలి అంతా చెదిరిపోతుంది, అప్పుడు టీబీ సులువుగా దూరుతుంది. హెచ్‌ఐవీకి కూడా మందులు ఉచితం, రోజూ వాడితే ఆ కణాలు మళ్ళీ పెరుగుతాయి.

కాలువ పూడిపోతే

ఈ కాలువలే పూడిపోతే ఏమవుతుందో బోదకాలు ఉన్నవాళ్ళను చూస్తే తెలుస్తుంది. మురికినీళ్ళలో పెరిగే దోమ కుట్టి, దారం లాంటి పురుగులు ఒంట్లోకి చేరి, ఈ కాలువల్లోనే ఏళ్ళ తరబడి కాపురం పెడతాయి. తలుపులు పాడై, నీరు దిగక కాలు స్తంభంలా అవుతుంది. మన వైపు కంటే కోస్తా వైపు ఇది ఎక్కువ. దీనికి ఇప్పటికీ వాడే డీఈసీ అనే మందును అమెరికాలో కనిపెట్టిన బృందానికి పెద్ద మన తెలుగువాడే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, జబ్బులతో తోబుట్టువులను పోగొట్టుకుని, అమెరికా పోయి, 1948లో అక్కడే చనిపోయినాడు. గర్భంతో ఉన్నప్పుడు మనం మింగే ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ ఆసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేసిన పని వెనకా ఆయన ఉన్నాడు. కాబట్టి ఆ మాత్రలు పెరట్లో పారేయకండి అక్కల్లారా.

కావలివాళ్ళకు కూడు

చివరి మాట తిండి గురించి. కావలి కణాలు గాలితో బతకవు. ఒంట్లో మాంసకృత్తులు లేకపోతే అవి సరిగ్గా పుట్టవు. చెనిక్కాయలు పండించేది మనమే, గాండ్లకు పోసి వచ్చేది మనమే, మన బిడ్డకు గుప్పెడు పెట్టేటప్పుడు లెక్క చూసేదీ మనమే. అందరూ తిన్నాక అడుగున మిగిలిన సంగటి, మజ్జిగతో సరిపెట్టుకునేదీ మనమే. ఉలవలు, అలసందలు, కందిపప్పు, గుడ్డు, ఏది అందితే అది మొగవాళ్ళతో పాటు మనమూ తినాలి. ఖరీదైన పొడులు, టానిక్కులు కొనాల్సిన పని లేదు. నిద్ర, నడక, చేతులు కడగడం, తిండి, వేళకు టీకా, ఇవే దాని బలం.

మా తీర్మానాలు

మా సంఘంలో కొన్ని తీర్మానాలు చేసుకున్నాం. మిగతా సంఘాలు కూడా ఆలోచించమని ఈ సభ ముందు పెడుతున్నాం.

ఒకటి. రెండు వారాలు వరసగా మీటింగుకు రాని సభ్యురాలికి జరిమానా రాసే ముందు, ఇద్దరం ఆమె ఇంటికి పోయి అడగాలి. జబ్బు అయితే జరిమానా లేదు.

రెండు. రెండు వారాలు దాటిన బిళ్ళ ఉన్నవాళ్ళతో ఆసుపత్రికి ఒకరు తోడు పోవాలి. దారి ఖర్చు సంఘం నుంచి ఇవ్వాలి.

మూడు. పరీక్షకు, వైద్యానికి అడిగిన అప్పు ఆ వారమే ఇవ్వాలి, వరస చూడకూడదు.

నాలుగు. టీబీ మందులు వాడే సభ్యురాలికి, ఆమె పూర్తి చేసేదాకా ఒకరు తోడుగా ఉండి రోజూ అడగాలి.

మా పాత పుస్తకంలో ఆ చెల్లెలి పేరు ఎదురుగా రాసిన ఎనిమిది జరిమానాలు, ఎనభై రూపాయలు, పోయిన నెల మీటింగులో ఆమెకు తిరిగి ఇచ్చినాం. తీసుకోనంది. అందరం పట్టుబడితే తీసుకుని, పొదుపులో కట్టేసింది. ఇంక ఇట్లాంటి డబ్బు మళ్ళీ ఎవరికీ తిరిగి ఇవ్వాల్సిన అవసరం రాకుండా చూసుకోవాలని కోరుకుంటున్నాం.